నాన్నగారి పాత .32 వెబ్లీకి న్యాయమైన ధర కట్టడం ఎలా

మీరు అడిగింది ఇదీ. ఊరు కావలి. నాన్నగారు పోయి ఎనిమిది నెలలైంది. ఆయన లైసెన్సు మీదున్న వెబ్లీ అండ్ స్కాట్ .32 రివాల్వర్ ఇప్పుడు లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర డిపాజిట్‌లో ఉంది. నీలిపూత చాలావరకు పోయింది, గొట్టం చివర తుప్పు మచ్చలున్నాయి, పిడి మీది బిళ్ల ఒకటి పగిలింది, ట్రిగ్గర్ నొక్కితే మాత్రం హ్యామర్ (గుండును కొట్టే సుత్తి) టక్కుమని పడుతోంది. ఒకాయన 60 వేలకు అడిగాడు. మీ బాబాయి గారేమో విదేశీ వేలం ధరలు చూసి 5 లక్షలకు పైసా తగ్గొద్దంటున్నారు. ఇద్దరిలో ఎవరిది న్యాయమని మీ ప్రశ్న.

ఇద్దరూ వస్తువును విప్పి చూడకుండా చెప్పిన మాటలే అవి. ఒంగోలు గిత్తకు పళ్లు చూసి వయసు చెబుతారు, నడిపించి చూసి ధర చెబుతారు. రివాల్వర్‌కూ అంతే. పాతదన్నంత మాత్రాన మన దగ్గర ధర పెరగదు, రంగు పోయినంత మాత్రాన పడిపోదు. గుళ్లు పెట్టే అరలున్న సిలిండర్ ఎలా తాళం పడుతోంది, గొట్టం వంగే కీలు ఎంత బిగువుగా ఉంది, గొట్టం లోపల ఎలా ఉంది, కాగితాలు ఎంత శుభ్రంగా ఉన్నాయి అన్నవే ధరను నిలబెడతాయి.

ముందు విదేశీ వేలం సంగతి తేల్చేద్దాం. అక్కడ కొనేది సేకరణ చేసేవాళ్లు. అరుదైన మోడల్, మొదటి నాటి పూత, పెట్టె, ఎవరి చేతిలో ఉండేదన్న చరిత్ర, వీటికి డబ్బిస్తారు. ఇక్కడ కొనేది ఆత్మరక్షణకు లైసెన్సు తీసుకున్న మనిషి. ఆయనకు కావలసింది నమ్మకంగా పేలే ఆయుధం. మీ వస్తువు ఆ వేలానికి వెళ్లే దారి కూడా లేదు, ఎగుమతికి వేరే అనుమతులు కావాలి, వందేళ్లు దాటిందని తేలితే 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా అడ్డం వస్తుంది. కాబట్టి ఆ అంకెలను పక్కన పెట్టేయండి.

అలాగని 60 వేలు న్యాయమని కాదు. 1980ల మధ్య నుంచి మామూలు పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు మూసుకుపోయింది. బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ కంపెనీ 1979లోనే తుపాకుల తయారీ ఆపేసింది. అందువల్ల దేశంలో ఉన్న పాత ఇంగ్లీషు .32లు ఉన్నవే, కొత్తవి రావు. మంచి స్థితిలో ఉన్నదానికి ఈ కొరత విలువ ఎప్పుడూ ఉంటుంది. కాకపోతే దానికి ఒక పైకప్పు కూడా ఉంది: కొత్త .32 రివాల్వర్ ధర. కాన్పూర్ ఆయుధ కర్మాగారం 2014లో నిర్భీక్ అనే .32 రివాల్వర్ విడుదల చేసినప్పుడే దాని ధర లక్షా ఇరవై వేలు దాటింది. ఇవాళ కొత్తది బిల్లుతో ఎంతకు వస్తుందో డీలరును అడిగి రాసుకోండి. బాగా అరిగిన పాతదానికి ఆ ధరకన్నా చాలా ఎక్కువ చెబితే కొనేవాడు కొత్తదానికే వెళతాడు.

ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ కూడా మనసులో పెట్టుకోండి. అప్పటిదాకా ఒక మనిషి మూడు తుపాకులు ఉంచుకోవచ్చు, సవరణ దాన్ని రెండుకు తగ్గించింది. మూడోది ఉన్నవాళ్లు ఏడాదిలోగా అప్పగించాల్సి వచ్చింది. వారసత్వంగా వచ్చినది కూడా ఆ రెండు లెక్కలోకే వస్తుంది. అంటే కొనగలిగిన మనుషుల సంఖ్య తగ్గింది, అమ్మకానికి వచ్చే పాతవి పెరిగాయి. పదేళ్ల కిందట ఫలానా వాళ్లది అంతకు పోయిందన్న మాట ఇప్పుడు చెల్లదు.

ఇక బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు. ధర మాట్లాడే ముందు ఇది నూటికి నూరు పాళ్లు ఖాయం చేసుకోండి. .32 అయితే సాధారణ లైసెన్సు మీద కొనొచ్చు. అదే .38 గానీ .455 గానీ అయితే నిషిద్ధ బోరు కిందికి వస్తుంది. దానికి లైసెన్సు జిల్లా స్థాయిలో రాదు, కేంద్ర హోంశాఖ దాకా వెళ్లాలి. విదేశాల్లో మంచి రేటు పలికే పెద్ద బోరు వెబ్లీలు మన జిల్లాలో కొనేవాడు లేక ఏళ్ల తరబడి డిపాజిట్‌లో పడి ఉండేది ఇందుకే. లైసెన్సు పుస్తకంలో చేత్తో రాసిన దాన్ని నమ్మొద్దు, గొట్టం మీదా ఫ్రేమ్ మీదా కొట్టిన అచ్చు చదవండి.

అచ్చులు చదివేటప్పుడే మరో రెండు చూడండి. వెబ్లీ సొంత గుర్తు రెక్కలున్న తూటా బొమ్మ. 1897లో మూడు సంస్థలు కలిసి వెబ్లీ అండ్ స్కాట్ రివాల్వర్ అండ్ ఆర్మ్స్ కంపెనీ అయ్యాయి, 1906లో ఆ పేరు వెబ్లీ అండ్ స్కాట్ లిమిటెడ్‌గా కుదిరింది. పేరు ఎలా కొట్టి ఉందో చూస్తే కాలం సుమారుగా తెలుస్తుంది. రెండోది తుపాకుల బలాన్ని పరీక్షించే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలు: కిరీటం, దాని కింద బీపీ, బీవీ, ఎన్‌పీ అనే ఇంగ్లీషు అక్షరాలు. ఇవి 1904 నిబంధనల తర్వాతివి. వీటిలో ఎన్‌పీ ముఖ్యం. పొగ రాని ఆధునిక తుపాకిమందుకు పరీక్షించారని దాని అర్థం. అది కనబడకపోతే పొగ వచ్చే పాత నల్ల తుపాకిమందు కాలపు వస్తువు కావచ్చు, ఇవాళ్టి గుళ్లు వేసి కాల్చే వస్తువుగా దాన్ని అమ్మకూడదు. పేరులో అక్షరం తప్పు, ముద్రలు లేకపోవడం, అంకెలు వంకరటింకరగా ఉండటం కనిపిస్తే అది నాటు నకలు అని అనుమానించాలి. మన కాన్పూర్ ఆయుధ కర్మాగారం .32 కూడా వెబ్లీ పోలికతోనే ఉంటుంది. అది నకలేమీ కాదు, కానీ దాని ధర వేరు, దీని ధర వేరు.

ఇప్పుడు అసలు పని, వస్తువును చూడటం. మీ పేరు మీద లైసెన్సు లేదు కాబట్టి ఇంటికి తెచ్చుకుని చూడటం కుదరదు. డీలరు దుకాణంలోనే, ఆయన చేతిలోనే జరగాలి. ఆయన తిప్పుతుంటే మీరు చూసి రాసుకోండి. అరగంట చాలు. ఒక చిన్న టార్చి, తెల్ల కాగితం, మెకానిక్కులు ట్యాపెట్ సెట్టింగుకు వాడే ఫీలర్ గేజ్ పట్టుకెళ్లండి. మన షెడ్లలో ఫిల్లర్ గేజి అంటారు, అదే.

మొట్టమొదట ఖాళీ చేయించాలి. పైనున్న రికాబు ఆకారపు లాచ్ నొక్కి గొట్టం కిందికి వంచితే అరల్లోని గుళ్లను బయటికి నెట్టే ఎక్స్‌ట్రాక్టర్ పైకి లేస్తుంది. ఆరు అరలూ ఖాళీ అని ఇద్దరూ కళ్లతో చూడాలి. మూసేటప్పుడు మణికట్టు విదిలించి టపీమని మూయనివ్వొద్దు, రెండు చేతులతో మెల్లగా మూయాలి. ఆ విదిలింపే ఏళ్ల మీద లాచ్‌ను, కీలును తినేస్తుంది. అరలు ఖాళీగా ఉండగా హ్యామర్‌ను ఊరికే టక్కుటక్కుమని పడనివ్వడం కూడా మంచిది కాదు. వెబ్లీలో గుండు అడుగున పొడిచే సూది హ్యామర్ ముక్కుకే ఉంటుంది, విరిగితే అచ్చంగా సరిపడే విడిభాగం దొరకదు. డమ్మీ గుళ్లు ఉంటే వేసి చూడాలి, లేదా హ్యామర్‌ను బొటనవేలితో ఆపుతూ దించాలి.

తాళం పడటం. హ్యామర్‌ను బొటనవేలితో మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి లాగాలి. హ్యామర్ పూర్తిగా వెనక్కి చేరి నిలిచేసరికి అర గొట్టానికి ఎదురుగా వచ్చి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నప్పుడు సిలిండర్ కదలకుండా నిలవాలి. ఆరు అరలకూ విడివిడిగా చూడాలి, ఎందుకంటే ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం మీది పళ్లు ఒకే తీరున అరగవు. నాలుగు బాగుండి రెండు వెనకబడటం చాలా మామూలు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ట్రిగ్గర్ వదిలేసిన స్థితిలో సిలిండర్ ఊపి చూసి, వదులైపోయిందని ధర కోస్తారు. వెబ్లీలో విశ్రాంతి స్థితిలో కొంచెం ఊగడం దాని నిర్మాణంలో ఉన్నదే. ట్రిగ్గర్ పూర్తిగా వెనక్కి ఉన్నప్పుడు ఊగితేనే దోషం. కొనేవాడు ఈ సాకు చెబితే ఈ తేడా చూపించండి.

తాళం సరిగా పడకపోతే ఏమవుతుందో కూడా తెలియాలి, లేకపోతే దీనికి అంత కోత ఎందుకో అర్థం కాదు. అర గొట్టానికి ఎదురుగా రాకముందే పేలితే తూటా గొట్టం వెనక అంచును గీరుకుంటూ వెళుతుంది. సీసం ముక్కలు, వేడి వాయువు పక్కకు చిమ్ముతాయి. చేతికి, పక్కన నిలబడినవాడి కంటికి తగలొచ్చు. గొట్టం వెనక అంచు మీద ఒక పక్కనే సీసం పొర పేరుకుని ఉంటే ఆ ఆయుధం ఇప్పటికే అలా కాలుతోందని అర్థం.

సందు. గొట్టం వెనక అంచుకూ సిలిండర్ ముఖానికీ మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తో కొలవాలి. సిలిండర్‌ను వెనక్కి నెట్టి ఒకసారి, ముందుకు నెట్టి ఒకసారి. వెనక్కి నెట్టినప్పుడు 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్లు వస్తే బాగుంది. 0.25 దాకా ఇంత పాత వస్తువుకు ఒప్పుకోవచ్చు. 0.30 దాటితే ధర తగ్గించాల్సిందే. రెండు కొలతల తేడాయే సిలిండర్ ముందువెనకల ఆట. ఈ ఆట ఎక్కువగా ఉంటే హ్యామర్ దెబ్బ గుండు అడుగున బలంగా పడదు, గుండు పేలకపోవడం మొదలవుతుంది.

కీలు. మధ్యకు విరిచి తెరిచే రివాల్వర్లకు ప్రాణం ఇక్కడే ఉంటుంది. మూసిన తర్వాత ఒక చేత్తో పిడి, ఒక చేత్తో గొట్టం పట్టుకుని పైకీ కిందికీ, ఎడమకూ కుడికీ వంచి చూడాలి. కళ్లకు కనబడే కదలిక ఉండకూడదు. కొంచెం టిక్ మన్న శబ్దం వరకు పర్వాలేదు. కీలు పిన్ను పక్కన రేకు ముక్క, సుత్తితో కొట్టి బిగించిన గుంటలు కనిపిస్తే ఎవరో తాత్కాలికంగా సర్దారని తెలుసుకోండి. కొన్నాళ్లకే మళ్లీ వదులవుతుంది. సందు కొలతను గొట్టం పైకి నొక్కి ఒకసారి, కిందికి నొక్కి ఒకసారి తీయండి. ఆ రెండూ బాగా తేడా వస్తే సందు పెద్దదవడానికి కారణం కీలే. అలాంటప్పుడు కీలుకు ఒక కోత, సందుకు ఒక కోత పెట్టకూడదు. రెండూ ఒకే జబ్బు. కొనేవాళ్లు రెండుసార్లు కోయబోతారు, ఒప్పుకోవద్దు.

గొట్టం లోపల. ముందు బ్రష్ వేయించి, నూనె గుడ్డతో రెండు మూడుసార్లు తుడిపించాకే చూడండి. గట్టిపడిన పాత నూనె, సీసం పొర అచ్చం తుప్పు గుంటల్లాగే కనబడతాయి. మన వైపు చాలా ఇళ్లలో కొబ్బరినూనె రాసి దాచే అలవాటుంది. అది కొంతకాలానికి జిగురులా గట్టిపడి లోపల పట్టుకుంటుంది. తుడిచాక వెనక వైపు తెల్ల కాగితం పెట్టి దాని మీద టార్చి వేసి ముందు నుంచి చూడాలి. మెలికలు తిరిగే గాళ్లు అంచులతో స్పష్టంగా కనిపించాలి. సన్నటి నల్ల చుక్కలు అక్కడక్కడా ఉంటే తేలికపాటి మచ్చలు. గాళ్ల అంచులు తెగిపోయి గుంటలు వరసగా ఉంటే లోతైన తుప్పు. లోపల ఒకచోట చుట్టూతా నీడలా ఒక ఉంగరం కనబడితే ఆగండి. అది గొట్టం ఉబ్బిన గుర్తు. ఎప్పుడో లోపల తూటా ఇరుక్కుని ఉండగా ఇంకోటి కాల్చి ఉంటారు. బయట నుంచి వేలితో తడిమినా ఉబ్బు తగులుతుంది. అలాంటిది కాల్చే ఆయుధంగా అమ్మకూడదు, ఎంత ధరకైనా సరే. సిలిండర్ అరల గోడల మీద పగులు ఉన్నా ఇదే మాట.

అరలలో మరొకటి చూడాలి. ఈ రివాల్వర్‌కు సరైనవి .32 రివాల్వర్ గుళ్లు, పుణె దగ్గరి మన ఖడ్కీ ఫ్యాక్టరీ తయారు చేసేవి. చాలామంది .32 పిస్టల్ గుళ్లు కూడా పడుతున్నాయి కదా అని వేసి కాలుస్తారు. అవి వేరు, వాటి ఒత్తిడి ఎక్కువ, అంచు సన్నం. అలా వాడిన వాటిలో సిలిండర్ వెనక ముఖం, సూది బెజ్జం దెబ్బతిని ఉంటాయి. సూది బెజ్జం గుండ్రంగా, అంచు పదునుగా ఉండాలి. కోడిగుడ్డులా సాగి ఉంటే కోత.

హ్యామర్ నిలవడం. హ్యామర్ వెనక్కి లాగి నిలిపాక, ట్రిగ్గర్ తాకకుండా వెనక నుంచి బొటనవేలితో మధ్యస్థంగా నొక్కాలి. జారి పడితే లోపలి గాడి అరిగిపోయింది. ఇది చిన్న మరమ్మతే కావచ్చు, కానీ మరమ్మతు కాకుండా చేతులు మారకూడదు. జేబులో, బ్యాగులో ఉన్నప్పుడు మనిషిని చంపే దోషం ఇది. మరమ్మతు లైసెన్సున్న తుపాకీ పనివాడి దగ్గరే చేయించాలి. లైసెన్సు లేనివాడు తుపాకీ బాగు చేయడం కూడా ఆయుధాల చట్టం కింద నేరమే.

స్ప్రింగులు, స్క్రూలు, పిడి బిళ్లలు త్వరగా చూసేయొచ్చు. స్క్రూ తలల గాళ్లు చిట్లి ఉంటే తెలియనివాళ్లు విప్పారని గుర్తు. మీది పగిలిన బిళ్ల నల్ల ఎబొనైట్‌ది (గట్టి రబ్బరు) అయితే పగిలిన ముక్క పారేయకుండా దాచండి, అతికించిన అసలుది కొత్త చెక్క బిళ్లకన్నా మేలు.

ఇక బయటి తుప్పు. మన తీరం గాలిలో ఉప్పు ఉంటుంది. కావలి, రామాయపట్నం, కొత్తపట్నం వైపు ఇళ్లలో కార్తీకం వానలప్పుడు ఇనప్పెట్టె లోపల కూడా తుప్పు పడుతుంది. అంతకన్నా పెద్ద కారణం తోలు సంచి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, పదును పెట్టినప్పటి లవణాలు అందులో ఉంటాయి. మూతి, సిలిండర్ అంచులు తోలుకు ఎక్కడ తగులుతాయో అక్కడే నీలిపూత పోయి మచ్చ పడుతుంది. ఎన్నికలప్పుడల్లా పోలీసు స్టేషన్‌లో డిపాజిట్ చేసి, తోలు సంచితో సహా రెండు మూడు నెలలు వదిలేసిన వాటికి ఒకే పక్కన తుప్పు ఉంటుంది. ఇలాంటి పైపై తుప్పు ధరను పెద్దగా తగ్గించదు. ఇప్పటి నుంచైనా సంచి వేరుగా, ఆయుధం వేరుగా, సన్నటి తుపాకీ నూనె పొరతో ఉంచమని డీలరుకు చెప్పండి.

మీరు చేయకూడని పని ఒక్కటుంది. అమ్మకానికి ముందు పాలిష్ కొట్టించి, నికెల్ పూత వేయించి కొత్తదానిలా చేయడం. బఫ్ చక్రం మీద పెట్టగానే అంచులు గుండ్రమవుతాయి, స్క్రూ బెజ్జాల చుట్టూ పళ్లెంలా పల్లం పడుతుంది, ప్రూఫ్ ముద్రలు, నంబరు పల్చబడతాయి. తెలిసినవాడు చూసిన క్షణంలో ఇంకేం దాచారోనని అనుమానిస్తాడు. నంబరు చెరిగిందంటే అది ధర సమస్య కాదు, కేసు. ఉన్నదున్నట్టుగా నూనె గుడ్డతో తుడిపించి చూపించండి.

లెక్కకు వద్దాం. వడ్లకు పుట్టి ధర ముందు మాట్లాడుకుని, తేమ చూసి కోత పెడతారు కదా, అదే పద్ధతి. ముగ్గురు డీలర్లను, వీలైతే ఒంగోలు, నెల్లూరు వైపు ఒకరిని, బయటి జిల్లాల్లో ఇద్దరిని, ఒకే ప్రశ్న అడగండి: ఇదే మోడల్, బాగా పనిచేస్తూ, మామూలుగా వాడినది ఈ ఏడాదిలో ఎంతకు చేతులు మారింది? ఎంతకు చెబుతున్నారు అని కాదు, ఎంతకు పోయింది అని. ఆ మూడింటిలో మధ్యది తీసుకోండి. సగటు వద్దు, ఒక్కడు అతిగా చెబితే సగటు చెడిపోతుంది. ఆ మధ్య ధరను 100 అనుకోండి.

దాని నుంచి నేను పెట్టే కోతలు ఇవి. నీలిపూత సగానికి పైగా పోయి పైపై తుప్పు ఉంటే 5 నుంచి 10. బిళ్ల పగిలితే 3. గొట్టంలో తేలికపాటి మచ్చలకు 5, లోతైన గుంటలకు 20. కీలు కొంచెం ఆడితే 8, బాగా ఆడితే 15 నుంచి 20. కీలుతో సంబంధం లేకుండా సందు 0.30 దాటితే 10 నుంచి 15. ఒకటి రెండు అరలు తాళం వెనకబడితే 20, ఎక్కువ అరలు అయితే 30, అప్పుడు కూడా మరమ్మతు అయ్యాకే. మళ్లీ పూత వేసినదైతే 10. పాత కొనుగోలు బిల్లు, మొదటి నాటి సంచి ఉంటే 2 నుంచి 5 కలపొచ్చు. ఇవి గట్టి సూత్రాలు కావు, చేతి అంచనాలు. కానీ ఏ దోషానికి ఎంత బరువు అన్న వరస మాత్రం మారదు: తాళం, కీలు, గొట్టం, ఆ తర్వాతే అందం.

మీరు చెప్పినదాన్ని బట్టి ఒక నమూనా లెక్క. ఈ అంకెలు పద్ధతి చూపడానికే, మీ ధర మీ ముగ్గురు డీలర్ల నుంచి రావాలి. మూడు మాటలు 1,80,000, 2,00,000, 2,60,000 అనుకుందాం. మధ్యది 2,00,000. పూతకు 8, బిళ్లకు 3, గొట్టంలో తేలిక మచ్చలుంటే 5, కీలు కొంచెం ఆడితే 8. మొత్తం 24. మిగిలింది 76, అంటే 1,52,000. నేరుగా లైసెన్సుదారుడికి అమ్మితే ఇది న్యాయమైన ధర. 1,60,000 చెప్పి, 1,40,000 కన్నా దిగకుండా ఉండొచ్చు. డీలరే కొంటానంటే దీనికన్నా నాలుగో వంతు తక్కువ చెబుతాడని ముందే అనుకోండి. సరైన లైసెన్సు ఉన్న మనిషి దొరికేదాకా ఆయన డబ్బు ఇరుక్కుపోతుంది, రిజిస్టరు, భద్రత ఖర్చు ఆయనదే. అది మోసం కాదు. ఒకవేళ రెండు అరలు తాళం పడట్లేదని, గొట్టం లోపల లోతుగా తిన్నదని తేలితే ఇదే వస్తువు 80 వేలకు దిగిపోతుంది. అప్పుడు 60 వేల మాట కూడా మరీ అన్యాయం కాదు. అందుకే చూడకుండా ఎవరినీ తప్పుపట్టలేం.

కాగితాల సంగతి చివర రాస్తున్నాను గానీ, ధరలో వీటి పాత్ర చిన్నది కాదు. లైసెన్సుదారుడు పోయాక ఆయుధాన్ని స్టేషన్‌లోగానీ లైసెన్సున్న డీలరు దగ్గరగానీ డిపాజిట్ చేయాలన్నది ఆయుధాల చట్టం 21వ సెక్షన్. మీరు ఆ పని చేశారు, రసీదు జాగ్రత్త. అదే సెక్షన్ చట్టబద్ధ వారసుడికి, అర్హత ఉన్న మనిషికి అమ్మి డబ్బు తీసుకునే హక్కు ఇస్తుంది. అయితే నిబంధనల్లోని గడువులోపు అమ్మకమో, మీ పేరు మీద లైసెన్సో తేలకపోతే కలెక్టరు ఉత్తర్వుతో అది ప్రభుత్వపరం కావచ్చు. నెలలు గడిచేకొద్దీ డిపాజిట్ అద్దె పెరుగుతుంది, మీ బేరం బలం తగ్గుతుంది. 5 లక్షల కోసం కూర్చోవడంలోని అసలు నష్టం ఇది. బాబాయి గారికి ఈ మాట చెప్పండి.

అమ్మకుండా ఉంచుకోవాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికైనా ఉంటే, 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం వారసుడు తన పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది ముందు తేల్చుకోండి, ధర బేరం మొదలయ్యాక కాదు.

వందేళ్ల నాటిది కదా, లైసెన్సే అక్కర్లేదు అని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో ఉన్న మినహాయింపు, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా వాడటానికి పనికిరాని పాత వస్తువులకే. మీది టక్కుమంటోంది. దానికి ఆ మినహాయింపు లేదు.

అమ్మకానికి అనుమతి కోరుతూ కలెక్టరేట్‌లో పెట్టే అర్జీకి కావలసినవి: మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, తోబుట్టువుల, అమ్మగారి సమ్మతి పత్రాలు, నాన్నగారి అసలు లైసెన్సు పుస్తకం, డిపాజిట్ రసీదు. పుస్తకంలోని నంబరు ఆయుధం మీది నంబరుతో అక్షరం అక్షరం కలవాలి. ఒక అంకె తేడా ఉన్నా ముందు కలెక్టరేట్‌లో దిద్దించండి, ఆ తర్వాతే కొనేవాడితో మాట్లాడండి. లైసెన్సుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య (యూఐఎన్) జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేస్‌లో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే బదిలీ అక్కడే ఆగిపోతుంది.

కొనేవాడి లైసెన్సులో నాలుగు చూడాలి: రివాల్వర్ లేదా పిస్టల్ అని రాసి ఉందా, ఖాళీ ఉందా లేక రెండూ నిండిపోయాయా, కొనుగోలుకు ఇచ్చిన గడువు మిగిలుందా, లైసెన్సు చెల్లుబాటులో ఉందా. వేరే జిల్లావాడైతే అక్కడి అధికారి నిరభ్యంతర పత్రం తెచ్చుకోమనండి. లైసెన్సు వస్తుంది, ముందు ఇచ్చేయండి అనేవాడికి ఎంత ఎక్కువ ఇచ్చినా ఇవ్వొద్దు. చట్టానికి విరుద్ధంగా తుపాకీ అమ్మితే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు.

సొంత వాడకానికి ఉన్న ఆయుధాన్ని ఒకరికి అమ్మదలిస్తే, కొనేవారి పేరు, చిరునామాతో కలెక్టరుకుగానీ దగ్గరి స్టేషన్ అధికారికిగానీ రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు గడిచాకే ఇవ్వాలన్నది 5వ సెక్షన్. మీది వారసత్వ కేసు కాబట్టి కలెక్టరేట్ రాతపూర్వక అనుమతి తీసుకునే కదలండి. ఎన్నికల ప్రకటన వస్తే ఈ ఫైళ్లు పక్కకు పోతాయి, ఆ కాలం కూడా లెక్కలో వేసుకోండి.

ఒప్పంద పత్రంలో దోషాలన్నీ రాయండి: సందు ఇంత, కీలు ఆట ఇంత, గొట్టంలో మచ్చలు, బిళ్ల పగులు, ఫలానా రోజు ఫలానా డీలరు సమక్షంలో ఇద్దరూ చూశారు అని. కొనేవాడు దాన్ని ఎప్పుడో ఒక రోజు నమ్మి చేతిలోకి తీసుకుంటాడు, అందుకే ఒక్కటి కూడా దాచకూడదు. పేల్చి చూపించమని అడిగితే పొలంలో, తోటలో కాల్చి చూపించొద్దు, అదే ఇంకో కేసు. డబ్బు చెక్కు లేదా బ్యాంకు బదిలీ ద్వారానే తీసుకోండి, 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. డబ్బు పడ్డాక డీలరు రిజిస్టరులో నమోదు, కొనేవాడి పుస్తకంలో నమోదు, నాన్నగారి లైసెన్సు మీద రద్దు ముద్ర, మూడింటి నకళ్లూ తీసుకుని ఇంట్లో ఉంచుకోండి.